నూట అరవై తొమ్మిది సార్లు

పన్నెండు గంటల్లోపు చెప్పాలంది డాక్టరమ్మ. గోడ గడియారంలో పదకొండూ ఐదు. యాభై ఐదు నిమిషాల్లో ఎనిమిది జాకెట్లు వదులు చేయగలదు జెబ, పురసవాక్కం బట్టల కొట్టు మూడో అంతస్తులో మిషను ముందు ఇరవై రెండేళ్ళుగా ఆమె చేస్తున్న పని అదే, కానీ యాభై ఐదు నిమిషాల్లో తోడబుట్టినవాడి తల కోయనివ్వాలా వద్దా తేల్చమంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ కుట్టు ముందు విప్పాలి. ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం, అట్టకి దారంతో కట్టేసిన పెన్ను. ఎవరు ఎత్తుకుపోతారని కట్టారో, ఈ బల్ల మీద కూర్చున్నవాళ్ళకి పెన్నులు దొంగిలించే తీరిక కూడానా. కాగితం నిండా ఇంగ్లీషు, అడుగున రెండు గీతలు. మొదటిది రోగి సంతకానికి, రెండోది రోగి తరఫున పెట్టేవాళ్ళకి. పొద్దున నర్సు మొదటి గీత చూపించి ఆనంద్‌రాజ్ చేతికి పెన్నిచ్చింది. పాతికేళ్ళు సినిమా స్టూడియోల్లో సంగీతం కాపీ చేసి బతికిన చెయ్యి అది. పెన్నుని దువ్వెన పట్టుకున్నట్టు పట్టుకుని, అటూ ఇటూ చూసి, దుప్పటి మీద పెట్టేశాడు. ఆయనకి పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. ఉన్నది ఈ చెల్లెలే. కాబట్టి రెండో గీత జెబది.

డాక్టర్ వైదేహి మంచిదే. విజయవాడ నుంచి వచ్చి నాలుగేళ్ళట, ఈ అంతస్తులో తెలుగు మాట్లాడే మనిషి దొరికిందని మొదటిరోజు జెబ చెయ్యి పట్టుకుంది, జెబ తెలుగు విని లోలోపల కాస్త నవ్వుకుంది కూడా, నవ్వుకోనీ. ఈ పొద్దున మాత్రం నవ్వలేదు. స్కాను ఫిల్ము వెలుతురుకి పట్టి చూపించింది. ఎడమవైపు తెల్లగా, నిమ్మకాయంత. "నేనేమీ దాచనమ్మా. తీస్తే బతికే అవకాశం సగం సగం. బతికినా మాట తిరిగొస్తుందో లేదో చెప్పలేను. తీయకపోతే రెండు నెలలు, మూడో నెల చూడటం కష్టం. పన్నెండున్నరకి థియేటరు ఖాళీగా ఉంది. ఇవాళ తప్పితే వాపు పెరిగిపోతుంది, రేపు నేనే వద్దంటానేమో." ఆయన్నే అడిగి చూడండి డాక్టర్, మాట పడిపోయినా తల ఊపుతాడు గదా అంది జెబ. "ఊపుతారమ్మా. మీరు ఆనంద్‌రాజేనా అంటే ఊపుతారు, మీరు ఏనుగా అన్నా ఊపుతారు. అవునూ కాదూ రెండూ కలిసిపోయాయి ఆయనకి." ఏనుగు అన్నందుకు ఆ పిల్లే నొచ్చుకుని, సారీ అమ్మా అంది. నొచ్చుకోవడం దేనికి, అన్న వినుంటే పగలబడి నవ్వేవాడు.

తల ఊపడం దాకా ఎందుకు. అన్న చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేశాడు, అదే కదా వచ్చిన చావు. 'నాకట్టా అయితే నా తల తెరవనియ్యొద్దు పాపా' అన్నాడు, పన్నెండేళ్ళ కిందట, వంటింటి గడప మీద కూర్చుని, చేతిలో టీ గ్లాసుతో. జెబ గ్రైండరులో పిండి తోస్తూ 'సరేలే అన్నా' అంది. సరేలే అంది. ఎవరైనా సరే అంటారు, పిండి రుబ్బుకుంటూ తల తెరిచే సంగతి ఎవరు ఆలోచిస్తారు. ఆ 'సరేలే' ఇప్పుడు మింగుడు పడటం లేదు. సంతకం పెడితే మాట తప్పినట్టు. పెట్టకపోతే చేజేతులా చంపుకున్నట్టు. ప్రభువా, రెంటిలో ఏది తక్కువ పాపమో అదైనా చెప్పవు గదా నువ్వు, గోడకి ఎర్ర కాగితం క్రిస్మస్ నక్షత్రమై వేలాడుతూ ఫ్యాను గాలికి ఊగుతావు అంతే.

కింద లోకల్ ట్రైను పోతోంది. కిటికీ అద్దం సన్నగా వణుకుతుంది, పట్టాల మీద చప్పుడు ఒకే తీరుగా పోతుంది, పోతుంది, పోతుంది. చప్పుళ్ళలో పుట్టి పెరిగారు అన్నా చెల్లెలూ. తిరువొత్తియూరులో వాళ్ళ ఇంటి గోడ అవతల ఫ్యాక్టరీ, దానిలో రేకుని నొక్కే మిషను, పగలంతా దబ్ దబ్ మంటూ, గోడకి ఆనించిన గిన్నెలు దాని లెక్కకే మోగేవి. నాన్న ఆ ఫ్యాక్టరీలోనే. మిషను ఆగితే ఇంట్లో అందరూ తలెత్తి చూసేవాళ్ళు, ఎవరికేమైందోనని. ఆగకుండా మోగుతున్నంతసేపూ నాన్న క్షేమంగా ఉన్నట్టు. అన్న ఆ చప్పుడు మీద వేళ్ళతో తలుపు మీద వేరే దరువు వేసేవాడు, అమ్మ చేత తిట్లు తినేవాడు. చర్చిలో బ్యాండు మాస్టరుగారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నాడు, వాయించడం కంటే రాయడం బాగా వచ్చింది, ఇరవై ఒకటో ఏట కోడంబాక్కం స్టూడియోలో కాపీ రాసేవాడుగా చేరాడు. సంగీత దర్శకుడి పెద్ద కాగితంలో అందరి వాయిద్యాలూ ఒకచోటే ఉంటాయి, అందులోంచి వయొలిన్‌వాళ్ళకి వయొలిన్‌ది, ఫ్లూటువాళ్ళకి ఫ్లూటుది విడివిడిగా తీసి రాసిపెట్టాలి, ఒక్క చుక్క తప్పు పడినా హాల్లో యాభైమంది ఆగిపోతారు. కాగితం మీద గీతలు కొట్టడం జెబ పని. అయిదు ముక్కుల కలం ఒకటి ఉండేది, ఒక్క లాగుకి అయిదు గీతలూ పడతాయి, ఊపిరి బిగబట్టి లాగాలి. 'గీత వొంకర పోయుండాదే పాపా, నీ కండ్లు యాడ పెట్టుండావు?' అని నెత్తిమీద మొట్టేవాడు. పద్నాలుగేళ్ళ పిల్ల. ఇంట్లో మాట తెలుగు, బళ్ళో రాత తమిళం, ఈ అయిదు గీతల రాత మాత్రం మూడోది, ఇంట్లో వాళ్ళిద్దరికే తెలిసింది.

ఆ రాతలో ఒక గుర్తు అంటే జెబకి భలే ముచ్చట. ఏటవాలుగా ఒక గీత, దానికి అటొక చుక్క, ఇటొక చుక్క. అంటే మళ్ళీ అదే అని. ఇంతకుముందు ఏం వాయించావో అదే వాయించు అని. కాపీ రాసేవాడు రాసిందే రాయడు, గుర్తు పెట్టి వదిలేస్తాడు, లేకపోతే పొద్దున తొమ్మిదికి రికార్డింగ్ అంటే ఎనిమిదికి కాగితాలు ఎలా అందుతాయి. జెబ పరీక్షల్లో కూడా ఒకసారి ఆ గుర్తు పెట్టి టీచరు చేత వీపు వాయగొట్టించుకుంది. ఏటవాలు గీత, రెండు చుక్కలు. ఇప్పుడు తన బతుక్కి ఆ గుర్తు పెట్టొచ్చు. నిన్నటి పొద్దే ఇవాళ, ఇదే బల్ల, ఇదే ఫినాయిలు వాసన, లిఫ్టు తెరుచుకోవడం, ఎవరో ఏడుస్తూ దిగడం, మళ్ళీ అదే.

రావెల్ ఎప్పుడొచ్చాడు ఇంట్లోకి? క్యాసెట్టై వచ్చాడు మొదట, తర్వాత ఫొటో అయి గోడెక్కాడు, యేసు పటం పక్కన. సూటు వేసుకుని, సిగరెట్టు పట్టుకుని, బక్కగా, పొట్టిగా, జుట్టు నున్నగా దువ్వుకుని. ఎవురురా ఈ దొర, యే మిషన్ దొర అని అమ్మ అడిగింది. ఫ్రెంచిదొరమ్మా, పాటలు రాసేవాడు, పెండ్లి చేసుకోలే అన్నాడు అన్న. అందుకా నీకంత నచ్చినాడు అంది అమ్మ. ఆ దొర తండ్రి ఇంజనీరట, దొరకి ఫ్యాక్టరీలంటే పిచ్చట, మిషన్ల చప్పుళ్ళు వింటూ నిలబడిపోయేవాడట. 'ఆయన మన తిరువొత్తియూరికి వచ్చుంటే తిరిగి పోయుండడు, ఈడనే బాడుగకి ఇల్లు తీసుకొనుండును' అనేవాడు అన్న. ఆయన రాసినదాంట్లో ఒకటుంది, అందులో చిన్న డ్రమ్ము ఒకటి మొదటి చుక్క నుంచి ఆఖరు దాకా ఒకే దరువు వేస్తుంది. ఒక దెబ్బ, మూడు చిన్న దెబ్బలు, మళ్ళీ ఒకటి, మళ్ళీ మూడు. పావుగంట. పైన పాట ఫ్లూటు నుంచి క్లారినెట్టుకి, దాన్నుంచి ఇంకోదానికి చేతులు మారుతూ పోతుంది, చప్పుడు పెరుగుతూ పోతుంది, కింద డ్రమ్ము మాత్రం మారదు, ఆగదు. నూట అరవై తొమ్మిది సార్లు, లెక్కపెట్టాను పాపా అన్నాడు అన్న. జెబకి మొదట్లో విసుగ్గా ఉండేది, ఏందన్నా ఇది, గోడవతల మిషనే మేలు అనేది. తర్వాత తర్వాత మిషను కుట్టేటప్పుడు కాలు తనంతట తానే ఆ దరువు తొక్కడం మొదలుపెట్టింది. ఒకటి, మూడు, ఒకటి, మూడు. మోచేతి కుట్టు, చంక కుట్టు, బొత్తాం.

ఇప్పుడు అన్నకి మిగిలింది ఆ దరువొక్కటే. చెల్లెలి పేరు పోయింది, తన పేరు పోయింది, నీళ్ళు అనడం పోయింది, కుడిచెయ్యి సగం పోయింది. ఎడమచేతి వేళ్ళు మాత్రం మంచం కమ్మీ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే వేస్తాయి. నర్సులు విసుక్కుంటారు. డాక్టరమ్మ మాత్రం, వేయనివ్వండి, అది ఇంకో చోట దాక్కుని ఉంటుంది, అక్కడికింకా గడ్డ పాకలేదు అంది. పాకడం. లోపల ఒకటి పాకుతోంది, నిమ్మకాయంత అయ్యింది, ఎవరు చూశారు దాన్ని, పక్కగదిలోనే ఉన్న చెల్లెలు చూసిందా.

పదకొండూ ఇరవై రెండు. ఫోను. షాలిని. ఎన్నూరు హార్బర్ ఆఫీసులో పనిచేస్తున్న కూతురు, పర్మిషను తీసుకుని బయల్దేరింది, ట్రైను ఎక్కడో ఆగింది. "మా, సైన్ పెట్టేసినావా?" "లేదే." "ఎన్నమా ఇది, ఇంకా ఏం యోచన చేస్తా ఉండావు? మామ అట్టనే ఉంటే ఎన్ని దినాలు ఉంటాడు, చెప్పు." "మామే వద్దన్నాడే. నాకు మాటిచ్చినావు గదాంటే ఏం చెప్పేది నేను?" "ఎప్పుడో తమాషాకి అనిండాడు మా. నీకు బయమైతే నేను వచ్చి పెడతా, ఉండు." "నీది చెల్లదంట. రక్తసంబంధం ముందు నాది." అవతల నుంచి ట్రైను కూత, లైను తెగిపోయింది. తమాషాకి అన్నాడా? తమాషాకి అనలేదే ఆ రోజు.

ఆ రోజు రావెల్ చావు కథ చెప్పాడు అన్న. ఆ దొర యుద్ధంలో లారీ తోలాడట, అందులో చావలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళకి ఓ టాక్సీలో పోతుంటే గుద్దుకుంది, తలకి దెబ్బ తగిలింది, దానివల్లో ఇంకోదానివల్లో కొద్దికొద్దిగా రాత పోయింది. తలలో పాట ఉంది, చేతికి రాదు. సంతకం చేయబోతే అక్షరాలు గుర్తు రావు. కుడిచెయ్యి పోయిన పియానో ఆయనకి ఒంటిచేత్తో వాయించుకొమ్మని ఎడమచేతికే సంగీతం రాసిచ్చిన మనిషి, తనకి రెండు చేతులుండీ ఒక్క చుక్క పెట్టలేకపోయాడు. ఐదేళ్ళు అలాగే గడిపాడు. ఆఖరికి తల తెరిచారు, ఏదో గడ్డ ఉంటుందనుకున్నారు. ఏమీ లేదు. మూసేశారు. కళ్ళు తెరిచి తమ్ముణ్ణి పిలవమన్నాడట, మళ్ళీ నిద్రలోకి పోయాడు, లేవలేదు. 'తమ్ముణ్ణి అడిగినాడు పాపా, ఆ తమ్ముడు ఎట్ట బతికుంటాడు ఆమీద' అన్నాడు అన్న, గ్లాసు అడుగున టీ ఆకు చూస్తూ. అప్పుడే అన్నాడు ఆ మాట, నాకట్టా అయితే అని. అప్పుడే జెబ సరేలే అంది. ఇప్పుడు ఆ తమ్ముడి స్థానంలో కూర్చుంది. వందేళ్ళ కిందటి దొర, ఎక్కడి పారిస్, ఎక్కడి తిరువొత్తియూరు, బట్టల కొట్టులో జాకెట్లు వదులు చేసుకునే ఆడమనిషికి ఆ తమ్ముడి గుండెకోత తెలియాల్సి వచ్చింది.

కానీ ఆయన తలలో ఏమీ లేదు గదా. ఇక్కడ ఉంది. ఫిల్ములో కళ్ళారా చూసింది, నిమ్మకాయంత. వట్టి తల తెరవడం వేరు, గడ్డ ఉన్న తల తెరవడం వేరు, అన్న ఆ తేడా చెప్పలేదు, అడిగుంటే ఏమనేవాడు? అడగలేదు. పిండి పొంగుతుందో లేదో చూసుకుంది. దేవుడా, మనుషులు బతికుండగా అడగాల్సినవన్నీ ఎందుకు పిండి రుబ్బుకుంటూ వదిలేస్తారు. ఏడుపు వస్తోంది, ఎదురుబల్ల మీద ఇడ్లీ పొట్లం విప్పుకున్న ముసలాయన చూస్తున్నాడు, కొంగు నోట్లో కుక్కుకుంది.

పదకొండూ ముప్పై ఐదు. కాళ్ళ దగ్గర సంచీ. సంచీలో అన్న రాసిన కాగితాలు. రోగి పాత చేతిరాత ఏదైనా ఉంటే తెమ్మంది డాక్టరమ్మ, ఇంట్లో దొరికినవి తెచ్చింది, నిన్న అవి తిరగేసి డాక్టరమ్మ అడిగింది, ఇది ఎప్పట్నుంచి అమ్మా అని. ఆడి మాసం నుంచి, అంటే జూలై నుంచి, అంది జెబ. డాక్టరమ్మ కాగితాలు నేరుగా సర్ది జాగ్రత్తగా తిరిగిచ్చింది, ఆ జాగ్రత్తలోనే అంతా ఉంది. కంప్యూటర్లొచ్చి కాపీ రాసేవాళ్ళ నోట మట్టి కొట్టాక అన్న పిల్లలకి వయొలిన్ చెప్పుకుని బతుకుతున్నాడు. ఈ ఏడు విక్రమ్ అని ఒక సాఫ్ట్‌వేరు అబ్బాయి వచ్చాడు, తనలాంటివాళ్ళు నలభైమంది పురసవాక్కం చర్చి హాల్లో ఆదివారాలు వాయించుకుంటారట, క్రిస్మసుకి ఆ డ్రమ్ము పీసు వేద్దామనుకుంటున్నారట, సార్ మీ చేత్తో రాసిన కాగితాలు కావాలి అన్నాడు. అన్న మొహం చూడాలి ఆ రోజు. అరవై మూడేళ్ళ మనిషి అటక మీంచి అయిదు ముక్కుల కలం దించి కిరసనాయిల్లో కడిగాడు. రావెల్ ఫొటో తుడిచాడు. డ్రమ్ముతో మొదలుపెడతా అన్నాడు.

డ్రమ్ముతోనే ఉండిపోయాడు. ఆడి మాసం తళ్ళుబడి అమ్మకాలు కదా, కొట్టులో ఊపిరాడదు, చీరలు సగం ధరకిస్తే జనం తొక్కిసలాడుకుంటారు, జెబ పొద్దున పోతే దీపాలు పెట్టాక వచ్చేది. వచ్చి చూస్తే అన్న బల్ల ముందు. 'ఇంకా డ్రమ్మేనా అన్నా?' 'డ్రమ్మే.' భుజం మీంచి చూసింది, ఒక పెద్ద చుక్క, మూడు చిన్నవి, ఒకటి, మూడు, పేజీ నిండా, వెనక పేజీ నిండా. రెండు పేజీల్లో అయిపోవాల్సిన పని. మళ్ళీ అదే అని గుర్తు పెట్టేస్తే పోలే అన్నా అంది కూడా, అంది, జ్ఞాపకముంది. అన్న తలెత్తి చూశాడు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. తర్వాత నవ్వాడు. జెబ కూడా నవ్వింది. ఇన్నేళ్ళకి తన దొర పని దొరికింది, ప్రేమకొద్దీ ప్రతి దెబ్బా చేత్తో రాసుకుంటున్నాడు, రాసుకోనీ అనుకుంది. ప్రేమట! దీపావళికి నలభై పేజీలు దాటింది. విక్రమ్ వచ్చి ఉత్తచేతులతో పోయాడు. తర్వాత అన్న వాకిట్లో చెప్పులు తారుమారుగా వేసుకోవడం, పంచదార డబ్బాలో టీపొడి వెతకడం, కార్తీక వానల్లో గడప దగ్గర పడిపోవడం. వేరే పాటైతే పక్కింటివాళ్ళకి కూడా తెలిసిపోయేది, ఈయన రాసిందే రాస్తున్నాడేంటని. రాసిందే రాయాల్సిన పాటలో రోగం వచ్చి కూర్చుంది. అది కూడా వేరేవాళ్ళు పోల్చుకోలేరు, సరే. కాపీ రాసేవాడు రాసిందే రాయడని తెలిసిన మనిషి ఈ ఊరంతటికీ ఆ ఇంట్లోనే ఉంది, భుజం మీంచి చూసి నవ్వి, అన్నం వండటానికి పోయింది.

కాగితాలు బయటికి తీసింది. ఎందుకు తీసిందో తెలియదు, సంతకం కాగితం కంటే ఇవి చూడటం తేలిక కాబట్టేమో. మొదటి పేజీలు ముత్యాల్లా ఉన్నాయి. పదో పేజీ దగ్గర చుక్కలు కొంచెం లావెక్కాయి. ఇరవై దాటాక గీతల్లోంచి జారుతున్నాయి. ప్రతి వరస చివరా ఒక చిన్న మరక. ఇంకు పడిందనుకుంది. వేలితో తుడవబోయింది. మరక కాదు. కొట్టేసిన గీత. కళ్ళజోడు తుడుచుకుని కాగితం కిటికీ వెలుగుకి పట్టింది. ఏటవాలు గీత ఒకటి, దాని మీద గీకేసిన గీతలు. కింద వరస చివర మళ్ళీ ఏటవాలు గీత, ఈసారి ఒక చుక్క, కొట్టివేత. దాని కింద, ఏటవాలు గీత ఎదురు దిక్కుకి తిరిగింది, కొట్టివేత. తర్వాతి పేజీలో పన్నెండు వరసలు, పన్నెండు గీతలు, ఒక్కదానికీ రెండు చుక్కలు సరిగ్గా లేవు. ఒకచోట మూడు చుక్కలు. ఒకచోట గీతే లేదు, కాగితం చిరిగేదాకా నొక్కిన కలం. మళ్ళీ అదే అన్న గుర్తు. అది పెట్టాలనే చూశాడు అన్న. ప్రతి వరసకీ ప్రయత్నించాడు. పాతికేళ్ళు కళ్ళు మూసుకుని పెట్టిన గుర్తు, చేతికి రాలేదు, రాక, ఆగలేక, అదే దరువు మళ్ళీ రాసి, మళ్ళీ ఆ చివరికొచ్చి, మళ్ళీ ప్రయత్నించి. నలభై ఒక్క పేజీలు. ప్రేమ కాదు. తలుపు గడియ ఎటు తియ్యాలో మరిచిపోయిన మనిషి లోపల్నుంచి కొడుతూనే ఉన్నాడు, మూడు నెలలు, ఆమె పక్కగదిలో చీరకి ఫాల్ కుట్టుకుంటోంది. ఆ రోజు నోరు తెరిచింది దీనికా. గుర్తు పెట్టేస్తే పోలే అన్నా, అంది. అదే రావడం లేదు పాపా, అనబోయి ఆ మాట కూడా దొరక్క నవ్వాడా.

గట్టిగానే ఏడ్చింది. ముసలాయన ఇడ్లీ వదిలేసి లేచి, ఏమమ్మా ఏమమ్మా అని తమిళంలో అడిగి, తన నీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళి కూర్చున్నాడు. నీళ్ళు తాగింది. బయటికి రావాలని చూశాడు. నన్ను వదిలేయండి అని కాదు ఇందులో రాసున్నది, దీన్నుంచి బయటికి లాగండి అని రాసుంది, వరస వరసకీ రాసుంది. గడప మీద టీ తాగుతూ అన్న మాట ఒకటి. కలం విరిగేలా నొక్కి అడిగింది ఒకటి. ఏది వినాలి? మాట తప్పుతున్నానన్నా, తెలిసే తప్పుతున్నాను, నువ్వు లేస్తే నన్ను తిట్టు, నెత్తిమీద మొట్టు, లేవకపోతే ఆ తమ్ముడికి లాగే నాకూ జీవితాంతం. పదకొండూ యాభై ఒకటి. పెన్ను తీసుకుంది. దారం పొట్టిగా ఉంది, అట్ట కొంచెం జరుపుకుంది. తమిళంలో రెండే రెండు అక్షరాలు, జె, బ, చిన్నప్పుడు గీతలు లాగినట్టు ఊపిరి బిగబట్టి, ఒక్క లాగుకి రాసేసింది. వంకర పోలేదు.

పన్నెండూ పదికి స్ట్రెచరు వచ్చింది. గుండు కొట్టేశారు, పచ్చ టోపీ పెట్టారు, అన్న మొహం ఇంత చిన్నదా. ఏదో ఇంజెక్షను ఇచ్చారట, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎడమచెయ్యి కమ్మీ మీద, వేళ్ళు వేస్తూనే ఉన్నాయి, ఒకటి, మూడు, ఒకటి, మూడు. జెబ పక్కనే నడిచింది. చక్రాల్లో ఒకటి కీచుమంటోంది. స్టూడియో సంగతి గుర్తుకొచ్చింది, చాలాసార్లు చెప్పేవాడు. ఎప్పుడో ఒక సెలవు రోజు వాయిద్యాలవాళ్ళంతా సరదాకి ఆ పీసు వాయించుకున్నారట, డ్రమ్ము మణిమారన్‌ది, పదో నిమిషంలో మణిమారన్ మణికట్టు పట్టేసింది. పక్కన కాగితాలు తిప్పుతున్న అన్న రెండు పెన్సిళ్ళు తీసుకుని స్టాండు చెక్క మీద ఆ దరువు అందుకున్నాడు, ముందు ఇద్దరూ కలిసి రెండు సార్లు వేశారు, తర్వాత మణిమారన్ చెయ్యి తీసేశాడు, హాల్లో ఒక్కడికీ తెలియలేదు. 'చెయ్యి మారచ్చు పాపా, ఆగకూడదు. అది ఆగితే అందురూ ఆగిపోతారు.'

థియేటరు తలుపు దగ్గర అన్న వేళ్ళు మందగించాయి. ఒకటి వేసి, మూడిటికి తడుముకున్నాయి. జెబ తన చెయ్యి కమ్మీ మీద, ఆయన చెయ్యి పక్కన పెట్టింది. ఒకటి, మూడు. ఆయన వేళ్ళు కలిశాయి. కలిసి ఒకసారి వేశారు. రెండోసారి వేశారు. అన్న కళ్ళు కొంచెం తెరుచుకుని ఆమె చేతిని చూసినట్టే ఉంది, ఆమెకి అలాగే అనిపించింది, ఎవరేం చెప్పినా అలాగే అనుకుంటుంది ఇకమీద. ఆయన వేళ్ళు ఆగిపోయాయి. ఆమెవి ఆగలేదు. "ఇక్కడిదాకేనమ్మా," అంది డాక్టర్ వైదేహి, మాస్కు పైకి లాక్కుంటూ. "నేను చూసుకుంటాను. మీరెళ్ళి ఏమైనా తినండి." స్ట్రెచరు లోపలికి పోయింది, కమ్మీ ఆమె చేతికింద నుంచి జారిపోయింది. జెబ గోడ మీద వేసింది, నడుస్తూ తొడ మీద వేసింది, బల్ల దగ్గరికొచ్చి బల్ల మీద వేసింది. లెక్క తలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

అరవై రెండు దగ్గర షాలిని పరుగెత్తుకుంటూ వచ్చింది, చెమటలు కారుతూ. "ఎన్నమా, లోపలికి తీసుకుపోయినారా? సైన్ పెట్టినావు గదా? మా, ఏం చేస్తా ఉండావు చేత్తో? ఇక్కడ చూడు మా!" జెబ రెండో చెయ్యెత్తి ఆగమంది. మాట్లాడితే లెక్క తప్పుతుంది. పిచ్చిపట్టిందనుకోనీ. పిల్ల పక్కన కూర్చుని, భుజం చుట్టూ చెయ్యి వేసింది. ముసలాయన చూస్తున్నాడు. లిఫ్టు తెరుచుకుంది, ఎవరో దిగారు. తొంభై ఎనిమిది. కింద ట్రైను పోయింది, దానితో కలవకుండా జాగ్రత్తగా వేసింది. నూట ఇరవై. మణికట్టు లాగుతోంది, వేళ్ళ చివర్లు మండుతున్నాయి, ఇరవై రెండేళ్ళు సూది పట్టిన వేళ్ళు, మణిమారన్ కంటే గట్టివే. నూట యాభై. నూట అరవై. అన్న చెప్పిన ప్రకారం ఇక్కడికి వచ్చేసరికి అన్ని వాయిద్యాలూ గొంతులు చించుకుంటూ ఉంటాయి, ఇక్కడ ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నూట అరవై ఎనిమిది. నూట అరవై తొమ్మిది.

తలుపు తెరుచుకోలేదు. పైన ఎర్ర దీపం అలాగే వెలుగుతోంది. జెబ వేళ్ళు ఆపలేదు.

ఒకటి, అంది.